అప్పగించనివాడు: సింజార్ కొండ నాయకుడు హమో షేరో



ఈ ఉపన్యాసం ఎవరి పేర ఏటా జరుగుతోందో ఆ మాస్టారు బతుకంతా చరిత్ర పాఠాలు చెప్పారు. ఆయన శిష్యులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు కాబట్టి ఆయన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్క సంగతి గుర్తు చేస్తాను. యుద్ధాల తేదీలు బట్టీ పట్టించడం ఆయనకు గిట్టేది కాదు. ఏ యుద్ధం పాఠమైనా "అదంతా ముగిశాక ఆ ఊళ్ళో ఎవరు మిగిలారు?" అన్న ప్రశ్న దగ్గరికి తెచ్చి ఆపేవారు. ఆ మాస్టారి పేర మాట్లాడమని అడిగినప్పుడు, మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడని ఒక మనిషిని ఎంచుకున్నాను. పేరు హమో షేరో. ఇరాక్ వాయవ్య మూలన సింజార్ అనే కొండ మీద బతికిన యజీదీ నాయకుడు.

ఆయన తుపాకి పట్టి పోరాడాడు, సర్కార్లతో బేరాలాడాడు, పాటల్లోకి ఎక్కాడు. గెలిచిన యుద్ధాలు ఉన్నాయి. కానీ ఆయన్ని ఇవాళ తలుచుకోవడానికి కారణమైన యుద్ధం మాత్రం, సైనిక లెక్కల్లో చూస్తే, ఓడినట్టే. ప్రాణభయంతో తన కొండ ఎక్కివచ్చిన పరాయి మతం వాళ్ళని అప్పగించమని ఒక సామ్రాజ్యం చీటీ పంపింది. ఆయన అప్పగించలేదు. వీరుడికి కొలబద్ద ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఈ ఒక్క సంగతే చెబుతాను. మిగతా ఉపన్యాసమంతా దీనికి వివరణ.

ఆ జనం, ఆ కొండ

ముందు ఆ జనం గురించి కొంత చెప్పుకోవాలి. యజీదీలు ఎక్కువమంది మాట్లాడేది కుర్దీలో కుర్మాంజీ అనే మాండలికం. మతం మాత్రం చుట్టుపక్కల కుర్దులది కాదు. ఒకే దేవుణ్ణి నమ్ముతారు. ఆ దేవుడు లోకాన్ని ఏడుగురు దేవదూతల చేతుల్లో పెట్టాడనీ, వారిలో పెద్ద తావూసీ మెలెక్ అనీ వాళ్ళ విశ్వాసం. తావూసీ మెలెక్ నెమలి రూపంలో ఉంటాడు. 12వ శతాబ్దంలో షేక్ ఆదీ అనే సూఫీ గురువు మోసుల్‌కి ఉత్తరాన లాలిష్ లోయలో స్థిరపడ్డాడు. ఆయన సమాధి ఉన్న లాలిషే వాళ్ళకు పరమ పవిత్ర క్షేత్రం. బయటివాళ్ళని మతంలో చేర్చుకోరు, బయటివాళ్ళతో వియ్యమందరు. సమాజంలో షేకులు, పీర్లు, మురీదులని పుట్టుకతో వచ్చే మూడు వర్గాలున్నాయి. శాస్త్రమంతా నోటి మీదే నడిచింది. కౌల్‌లనే స్తోత్రాలను దఫ్ వాయిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ పాడే కవ్వాల్‌లు తండ్రి నుంచి కొడుక్కి అప్పజెప్పుకుంటూ వచ్చారు.

గ్రంథం లేకపోవడం అక్కడ చిన్న సంగతి కాదు. ముస్లిం రాజ్యాల్లో క్రైస్తవులకు, యూదులకు గ్రంథముంది కాబట్టి పన్ను కట్టి తమ మతంలో తాము బతికే పాటి హోదా ఉండేది. యజీదీలకు అదీ లేదు. పైగా వాళ్ళ నెమలి దేవదూతను సైతానని పొరబడి, వీళ్ళని సైతాను భక్తులన్నారు. ఆ ముద్ర పడ్డాక వాళ్ళ ఊళ్ళ మీద ఎవరు దండెత్తినా పుణ్యకార్యమే అయిపోయింది. 1832లో రవాందుజ్ కుర్దు అమీరు లాలిష్ చుట్టూ ఉన్న షేఖాన్ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టాడు. 1830లు ముగియకుండానే ఆటోమన్ సేనలు సింజార్ మీద పడ్డాయి. ఇలా తమ మీద జరిగిన ఊచకోతలను యజీదీలు లెక్కపెట్టి గుర్తుంచుకున్నారు. ఒక్కొక్కదాన్నీ ఫర్మాన్ అంటారు. డెబ్బై రెండని కొందరు, డెబ్బై మూడని కొందరు చెప్పేవారు. 2014లో జరిగినదాన్ని ఎక్కువమంది డెబ్బై నాలుగోదిగా లెక్కిస్తారు.

సింజార్ మోసుల్‌కి పడమరగా 120 కిలోమీటర్ల దూరాన, సిరియా సరిహద్దును ఆనుకుని ఉంది. చుట్టూ కనుచూపు మేర చదునైన మెట్టభూమి. మధ్యలో తూర్పు పడమరలుగా సాగిన ఒంటరి కొండల వరుస. అన్నిటికంటే ఎత్తయిన చిల్మేరా శిఖరం 1,460 మీటర్ల పైచిలుకు. వాలు మీద రాళ్ళు పేర్చి అరుగులు అరుగులుగా మళ్ళు కట్టి అత్తి, ద్రాక్ష, పొగాకు పండించేవారు. ఎండబెట్టిన సింజార్ అత్తిపళ్ళంటే మోసుల్ బజార్లో గిరాకీ. కింద మైదానంలో గోధుమ, బార్లీ, గొర్రెల మందలు. సర్కారు సేన వస్తోందని కబురందితే కింది ఊళ్ళు ఖాళీ చేసి గుహల్లోకి, లోయల్లోకి ఎక్కేవారు. ఏ మలుపులో ఊటనీరు దొరుకుతుందో వాళ్ళకు తెలుసు, వెంటపడి వచ్చినవాళ్ళకు తెలియదు. ఎక్కినవాడు బతికాడు, ఎక్కలేనివాడు చచ్చాడు. సింజార్ చరిత్రంతా దాదాపు ఈ ఒక్క వాక్యంలోకి వస్తుంది. 2014 దాకా వచ్చేసరికి దీని అవసరం మళ్ళీ పడుతుంది, కాస్త గుర్తుంచుకోండి.

నల్లచొక్కా మనిషి

హమో షేరో అంటే షేరో కొడుకు హమో అని. 19వ శతాబ్దపు నడిమి భాగంలో పుట్టాడు. ఆయన ఫకీరు. మన వాడుకలో ఫకీరంటే చిప్ప పట్టుకుని తిరిగేవాడు. యజీదీల్లో అలా కాదు. దీక్ష తీసుకున్న గృహస్థుడు. ఒంటికి ఆనుకుని ఖిర్కా అనే ముతక ఉన్ని చొక్కా తొడుగుతాడు. నల్లగా రంగు వేసిన ఆ చొక్కా షేక్ ఆదీ నాటి దీక్షావస్త్రానికి గుర్తు. ఉపవాసాల కట్టడి ఉంటుంది, గడ్డం కత్తిరించకూడదు. ఖిర్కా తొడిగిన మనిషి మీద మరో యజీదీ చెయ్యెత్తకూడదు.

సింజార్‌లో ఇలాంటి ఫకీరు కుటుంబాల చుట్టూ 19వ శతాబ్దం చివర్లో ఫుకరా అనే తెగ కూడింది. పాత తెగల నుంచి విడివడి వచ్చినవాళ్ళు, మరోచోట నిలువ నీడ లేనివాళ్ళు అందులో చేరారు. దానికి పెద్ద హమో. మిగతా తెగల పెద్దలకు మందల బలం, మగవాళ్ళ బలం ఉండేవి. హమోకి వాటితోపాటు ఆ నల్లచొక్కా ఇచ్చిన మన్నన కూడా ఉంది. కొట్లాడుకునే తెగల మధ్య తీర్పరిగా కూర్చోవాలంటే రెండు పక్షాలూ చెయ్యెత్తడానికి జంకే మనిషి కావాలి. కొండ మీద ఆయన మాట చెల్లుబడి కావడానికి తుపాకులు ఎంత కారణమో ఇదీ అంత కారణం.

ఆయన పేరు బయటి లోకానికి వినబడింది 1892లో. రెండో అబ్దుల్ హమీద్ సుల్తానుగా ఉన్న కాలం. యజీదీల నుంచి సర్కారు కోరేవి రెండు: పన్ను, సైన్యంలోకి మనుషులు. ముస్లిం సిపాయిలతో కలిసి దండులో బతికితే తమ ఆచారం సాగదని 1872లోనే పెద్దలు పద్నాలుగు అంశాలు రాసి అర్జీ పెట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళ తర్వాత సుల్తాను పంపిన ఒమర్ వెహ్బీ పాషా ఆ అర్జీకి తన పద్ధతిలో జవాబిచ్చాడు. యజీదీ పెద్దలను మోసుల్‌కి పిలిపించి మతం మారమన్నాడు. యజీదీలందరికీ అధిపతి అయిన మీర్ మీర్జా బేగ్ తల వంచాడు. సోదరుడు అలీ బేగ్ వంచలేదు, ఆయన్ని దూరదేశం పంపేశారు. లాలిష్ క్షేత్రంలోని పవిత్ర వస్తువులు మోసుల్ చేరాయి, క్షేత్రం మదరసాగా మారింది. షేఖాన్ ఊళ్ళ నుంచి పారిపోయిన జనం సింజార్ ఎక్కారు.

పాషా సేన వెనకాలే వచ్చింది. కొండ మీద మాత్రం దాని ఆటలు సాగలేదు. హమో ముందుండి నడిపిన ఆ ప్రతిఘటనలో సర్కారు దళాలు దెబ్బతిని వెనుదిరిగాయి. ఇస్తాంబుల్ పాషాను తప్పించింది. లాలిష్ మళ్ళీ యజీదీల చేతికి రావడానికి మాత్రం 20వ శతాబ్దం మొదలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. యజీదీలు 'ఫెరీక్ పాషా' దండయాత్ర అని చెప్పుకునేది 1892 నాటి ఈ దాడినే. అప్పటికే హమో దగ్గరికి కొండ కింది నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చేరుతున్నారు. కాకపోతే వాళ్ళు తన మతం వాళ్ళే. అసలు పరీక్ష ఇరవై మూడేళ్ళ తర్వాత వచ్చింది.

1915

మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఆటోమన్ రాజ్యం 1914 చివర్లో దిగింది. 1915 వసంతం నుంచి ఆర్మేనియన్లను ఊళ్ళ నుంచి లేపి దక్షిణాన సిరియా ఎడారి వైపు తోలడం మొదలైంది. చాలాచోట్ల మగవాళ్ళని ఊరి బయటే చంపారు. ఆడవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని గుంపులుగా నడిపించారు. సింజార్‌కి ఉత్తరాన ఉన్న మర్దీన్ పట్టణంలో జూన్ నెలలో ఆర్మేనియన్ కాథలిక్ ఆర్చిబిషప్ ఇగ్నేషియస్ మలోయాన్‌ని, వందలాది పట్టణవాసులతో పాటు ఊరు దాటించి చంపేశారు. అక్కడ ఆర్మేనియన్లే కాదు, సిరియాక్ క్రైస్తవులూ ఆ వేటలో పడ్డారు. మర్దీన్‌లో ఉన్న సిరియాక్ కాథలిక్ పూజారి ఇస్‌హాక్ అర్మలే తాను చూసినదీ విన్నదీ అరబీలో రాసి 1919లో పుస్తకంగా తెచ్చాడు. ఆ ప్రాంతపు మారణకాండకు అది ముఖ్య సాక్ష్యం.

ఆ గుంపులు నుసైబిన్, రాస్ అల్ ఐన్ మీదుగా దేర్ అజ్ జోర్ దిక్కుగా సాగేవి. ఆ దారిలో నడిచేవాళ్ళకు ఎండ కాస్త తగ్గిన వేళ దక్షిణాన నల్లగా ఒక కొండ కనబడుతుంది. కాపలా కళ్ళు గప్పి తప్పించుకున్నవాళ్ళు పగలు పొదల్లో నక్కి, రాత్రిళ్ళు నడిచి అటు చేరారు. అలా చేరినవాళ్ళకు యజీదీలు తలుపు తీశారు. ఒకరి వెంట ఒకరు, వందల సంఖ్యలో వచ్చారు. హమో ఆధ్వర్యంలో వాళ్ళకు కొండ మీది ఊళ్ళలోనూ, బలద్ సింజార్ పట్టణంలోనూ చోటు చూపించారు. వృత్తిపనులు తెలిసినవాళ్ళు పనులు చేసుకున్నారు, వ్యాపారం తెలిసినవాళ్ళు కొట్లు పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో చోటివ్వడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. యుద్ధకాలం. ధాన్యం సైన్యానికి పోతోంది. వానమీద ఆధారపడ్డ భూమి. ఊటనీరే ఇంటిల్లిపాదికీ, మందకూ సరిపోవాలి. అలాంటి ఇంట్లోకి భాష తెలియని, మతం వేరైన తల్లీ పిల్లలు వచ్చి కూర్చుంటే కుండలో గంజి పలచన కావాల్సిందే. ఒకటి రెండు పూటలు కాదు, యుద్ధం ముగిసేదాకా.

ఎందుకు చేశారు? చరిత్ర విద్యార్థిగా నాకు తోచిన కారణాలు మూడు. మొదటిది, వాళ్ళకు ఆ బాధ తెలుసు. 1892లో తమను తరిమిన సర్కారే ఇప్పుడు వీళ్ళని తరుముతోంది. రెండోది, నీ గడప తొక్కి శరణన్నవాణ్ణి వదిలేస్తే తెగల సమాజంలో నీకు ముఖం ఉండదు. అది మర్యాదకు కట్టిన వెల. మూడోది రాజకీయం. హమోకి ఆటోమన్ అధికారుల మీద పాత పగ ఉంది. పైగా పట్టణంలో క్రైస్తవ వర్తకులు స్థిరపడితే తన పలుకుబడి పెరుగుతుంది. ఈ మూడో కారణం చెబితే కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. మంచి పనిలో లాభం కూడా ఉంటే అది చెడ్డపని కాబోదు. లాభం పోయి నష్టం ఎదురైన రోజున మనిషి ఏం చేశాడన్నదే తేల్చుకోవాలి. ఆ రోజు 1918 మొదట్లో వచ్చింది.

చీటీ

అప్పటికి బాగ్దాద్ ఆటోమన్ల చెయ్యి జారింది. 1917 మార్చి 11న బ్రిటిష్ సేన ఆ నగరంలో అడుగుపెట్టింది. బ్రిటిష్ సేన అన్నమాటే గానీ మెసొపొటేమియాలో ఆ జెండా కింద చచ్చినవాళ్ళలో, గెలిచినవాళ్ళలో మన దేశపు సిపాయిలే ఎక్కువ. మద్రాసు సాపర్లనే సైనిక ఇంజనీర్ల దళాలు అక్కడ వంతెనలు కట్టాయి, రోడ్లు వేశాయి. ఆ దళాల్లో తెలుగువాళ్ళూ ఉండేవారు. ఉత్తరాన మోసుల్ ఇంకా ఆటోమన్ల చేతిలోనే ఉంది. తమ వెన్నుకి దగ్గరగా, ఆయుధాలున్న యజీదీలు, వాళ్ళ మధ్య పారిపోయిన క్రైస్తవులు, పైగా బ్రిటిష్ వాళ్ళతో కబుర్లు నడుపుతున్నారన్న అనుమానం. సింజార్ సంగతి తేల్చాలనుకున్నారు.

ముందు చీటీ వచ్చింది. క్రైస్తవులను అప్పగించండి, ఆయుధాలు దింపండి, లేదంటే సేన వస్తుంది. ఇది బెదిరింపే కాదు, బేరం కూడా. అప్పగిస్తే మీ జోలికి రామన్నది అందులో దాగిన మాట. కొండ మీద పెద్దలు కూడి మాట్లాడుకున్నారు. హమో ఆ చీటీని చించేసి, తెచ్చినవాళ్ళ బట్టలు ఊడదీసి, వచ్చిన దారినే వెనక్కి పంపాడని చెప్పుకుంటారు. జనం ఆ ఘట్టాన్ని నవ్వుతూ చెబుతారు. కానీ ఆ పని చేసిన మనిషికి అప్పటికి అరవై దాటాయి. 1892ను కళ్ళారా చూసినవాడు. సేన వస్తే ఏమవుతుందో ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు.

సేన వచ్చింది. ఈసారి ఫిరంగులతో వచ్చింది. యజీదీల దగ్గరున్నవి తుపాకులే. కొంత పోరాడారు, నిలవలేకపోయారు. బలద్ సింజార్ ఆటోమన్ల చేతిలో పడింది. ఊళ్ళు దోపిడీకి గురయ్యాయి. యజీదీలు, ఆశ్రితులు కలిసి ఎగువ కొండల్లోకి ఎక్కారు. ఇంతవరకు చూస్తే ఓటమే. పట్టణం పోయింది, మందలు పోయాయి. అయితే సర్కారుకు కావలసింది మాత్రం దక్కలేదు. కొండ ఎవరినీ దింపి అప్పగించలేదు. అదే ఏడాది అక్టోబరు 30న ముద్రోస్ సంధి మీద సంతకాలయ్యాయి, ఆటోమన్ల యుద్ధం ముగిసింది. ఆ కొండ మీద తలదాచుకున్న క్రైస్తవులెందరో ప్రాణాలతో కిందికి దిగారు.

పాటలు చెప్పే ధైర్యం

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళి ఆ ప్రాంతపు పాటల సంగతి చెబుతాను. యజీదీల, కుర్దుల వీరగాథల్లో అన్నిటికంటే పేరున్నది దర్వేష్ అవ్దీ కథ. మన జంగం కథకుల్లా రాత్రంతా ఒక్క గొంతు మీద కథ నడిపే దెంగ్‌బేజులు దాన్ని పాడతారు. దర్వేష్ యజీదీ యువకుడు. మిల్లీ తెగల అధిపతి అయిన ఒక పాషా కూతురు ఎదూలే, అతనూ ఒకరినొకరు కోరుకున్నారు. మతం వేరు కాబట్టి పెళ్ళి కుదరదు. శత్రుసేన మీదికి వస్తున్న వేళ ఆ పాషా ఒక ఉపాయం చేస్తాడు. కూతురి చేతికి కాఫీ గిన్నె ఇచ్చి కొలువులో తిప్పమంటాడు. ఎవరు ఆ గిన్నె అందుకుని తాగితే వాళ్ళు శత్రువు మీదికి వెళ్ళాలి, గెలిచి వస్తే పిల్లనిస్తాడు. గిన్నె ఒక్కొక్కరి ముందు ఆగుతుంది. ఒకడు నేల చూస్తాడు, ఒకడు గడ్డం సవరించుకుంటాడు. దర్వేష్ ముందుకి రాగానే అతను అందుకుని తాగేస్తాడు. పన్నెండుమంది రౌతులతో పదిహేడు వందల మంది మీదికి వెళతాడు. ఎలుకల బొరియలతో గుల్లబారిన నేలలో గుర్రం కాళ్ళు దిగబడి అతను కూలిపోతాడు.

ఇది పాటకు తగ్గ ధైర్యం. ఒక్క క్షణంలో తెగువ, చూడ్డానికి అందరూ ఉన్న కొలువు, ఎదురుగా ప్రేమించిన పిల్ల. హమో పేరు కూడా పాటల్లో ఉంది గానీ, ఆయన చేసిన పనిలో అంత వెలుగు లేదు. మూడేళ్ళపాటు రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ కూడా వీళ్ళు మన దగ్గరే ఉంటారని నిశ్చయించుకోవడం అది. తిండి చాలడం లేదని గొణిగిన సొంతవాళ్ళకు నచ్చజెప్పడం. ఎదుటి తెగవాడు "వీళ్ళ వల్లే మనమీదికి సేన వస్తోంది" అంటే ఓర్చుకోవడం. దర్వేష్ ధైర్యం పన్నెండుమందికి చాలు. హమో ధైర్యంలో ఆడవాళ్ళతో సహా ప్రతి ఇంటికీ వంతుంది. పాటలో ఇమిడినా ఇమడకపోయినా, పెద్దది ఇదే.

యుద్ధం తర్వాత

వీరుల కథలు ఇక్కడే ఆపేస్తే హాయిగా ఉంటుంది. చరిత్ర ఆపనివ్వదు. మోసుల్‌ని పట్టుకున్న బ్రిటిష్ వాళ్ళు సింజార్ పరిపాలనకు హమోను ప్రధాన నాయకుడిగా గుర్తించారు. వాళ్ళ అండతో ఆయన బలపడ్డాడు. మిగతా తెగలకు ఇది నచ్చలేదు. మిహిర్కాన్ తెగ నాయకుడు దావూద్ అల్ దావూద్ ఎదురుతిరిగాడు. 1925లో బ్రిటిష్ విమానాలు యజీదీ ఊళ్ళ మీద బాంబులేశాయి. అప్పుడు హమో ఉన్నది సర్కారు పక్షాన. ఒకప్పుడు ఆటోమన్ చీటీని చించినవాడు ఇప్పుడు మరో సామ్రాజ్యం నీడన కూర్చున్నాడు. ఆయన్ని తలుచుకునే వాళ్ళెవరూ ఈ సంగతి దాచకూడదు. కొండ ఒక్కటే అయినా తెగలు ఎన్నో, ఆ చీలికలను వాడుకోవడం బ్రిటిష్ వాళ్ళకు తెలుసు, వాళ్ళను వాడుకోవడం హమోకి తెలుసు.

1930ల తొలి సంవత్సరాల్లో ఆయన పోయాడు. 1932లో ఇరాక్ స్వతంత్రమైంది. కొత్త రాజ్యం నిర్బంధ సైనిక సేవ చట్టం చేసింది. 1872లో అర్జీ పెట్టుకున్న కష్టమే మళ్ళీ వచ్చింది. 1935లో దావూద్ అల్ దావూద్ తిరగబడ్డాడు. సైన్యం అణచివేసింది, ఆయన సిరియాకి పారిపోయాడు. దావూద్ మీద పాటలు ఇప్పటికీ పాడుకుంటారు. ఒకే కొండ ఇద్దరు ప్రత్యర్థులనూ తన వీరులుగా నిలుపుకుంది. సర్కారుకు కావలసినట్టు ఒకర్ని విధేయుడిగా, ఒకర్ని తిరుగుబాటుదారుగా విడదీసి చూడలేదు.

కొండ దింపేశాక

అన్నిటికంటే లోతైన దెబ్బ మాత్రం తుపాకితో రాలేదు, కాగితం మీద వచ్చింది. 1975 ప్రాంతంలో ఇరాక్‌లోని బాత్ పార్టీ ప్రభుత్వం సింజార్ కొండ మీది పాత ఊళ్ళను ఖాళీ చేయించి, జనాన్ని కింద మైదానంలో తీర్చిన కాలనీల్లోకి దింపింది. అభివృద్ధి అని పేరు పెట్టారు. ఊళ్ళకు అరబీ పేర్లు తగిలించారు. అత్తితోటలు, మళ్ళు, ఊటలు పైన ఉండిపోయాయి. చదరపు గళ్ళలో బారులు తీరిన ఇళ్ళు, వాటి చుట్టూ అడ్డం లేని నేల. నేను గుర్తుంచుకోమన్న వాక్యం ఇక్కడ అక్కరకొస్తుంది. శతాబ్దాల పాటు ఎక్కి బతికిన జనాన్ని దింపేశారు.

2007 ఆగస్టు 14న అలాంటి రెండు కాలనీల్లో లారీ బాంబులు పేలి వందల మంది చనిపోయారు. 2014 ఆగస్టు 3న ఐసిస్ మూకలు వచ్చాయి. కాపలా ఉన్న కుర్దు పెష్‌మెర్గా దళాలు చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయాయి. వాహనం ఉన్నవాళ్ళు, నడవగలిగినవాళ్ళు వేల సంఖ్యలో కొండ ఎక్కారు. ఎక్కలేకపోయిన దక్షిణపు ఊళ్ళు చిక్కిపోయాయి. ఆగస్టు 15న కోచో గ్రామంలో మగవాళ్ళని చంపి, ఆడవాళ్ళని ఎత్తుకుపోయారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న నాదియా మురాద్ ఆ ఊరి పిల్లే. మొత్తం మీద చెరపట్టిన ఆడవాళ్ళు, పిల్లలు ఆరు వేలకు పైమాటే. కొండ ఉత్తర పాదాన ఉన్న షర్ఫద్దీన్ ఆలయాన్ని కాసిం షేషో నాయకత్వంలో కొద్దిమంది చివరిదాకా నిలబెట్టుకున్నారు. 2016లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం యజీదీల మీద ఐసిస్ చేసినదాన్ని జాతిహననమని తేల్చింది.

బతికి బయటపడ్డవాళ్ళను ఎక్కువగా కోసింది మరొకటి. యజీదీలకు కిరీవ్ అనే బంధుత్వం ఉంది. మగపిల్లాడికి సున్తీ చేయించేటప్పుడు పొరుగున ఉన్న ముస్లిం పెద్ద ఒళ్ళో కూర్చోబెడతారు. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలూ రక్తసంబంధీకులతో సమానం. మతం వేరైన ఇరుగుపొరుగు ఒకరికొకరు అండగా ఉండాలని కట్టుకున్న ముడి అది. 2014లో ఎందరికో ఆ ముడి తెగింది. తమ ఊళ్ళకు దారి చూపినవాళ్ళలో, తమ ఇళ్ళు దోచినవాళ్ళలో కిరీవ్‌లు ఉన్నారని చెప్పుకుని ఏడ్చారు. ఆ ముడి తెగనివ్వకుండా, ఐసిస్ కత్తి మెడ మీదున్నా, పారిపోయి వచ్చిన యజీదీ ఆడపిల్లలను ఇంట్లో దాచి దాటించిన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. 1915లో యజీదీల గడప ముందు నిలిచిన ప్రశ్నే 2014లో వాళ్ళ పొరుగువాళ్ళ ముందు నిలిచింది. ఒకే ప్రశ్నకు మనుషులు రెండు రకాల జవాబులిచ్చారు.

మనకేమిటి?

మనకేమిటి అని ఎవరైనా అడగవచ్చు. 2014 తర్వాత మన ఫోన్లలో ఒక సందేశం తెగ తిరిగింది. నెమలిని కొలుస్తారు కాబట్టి యజీదీలు సుబ్రహ్మణ్యస్వామి భక్తులే, మన రక్తమే అని. దీనికి చారిత్రక ఆధారం లేదు. వాళ్ళ మతం పుట్టినదీ, పెరిగినదీ ఆ కొండల్లోనే, ఆ చరిత్రలోనే. ఆ సందేశం పంపినవాళ్ళ జాలిని నేను శంకించను. కానీ ఒకటి గమనించండి. మన చుట్టాలని రుజువైతేనే మనకు జాలి పుడుతుందా? హమో తన కొండ ఎక్కిన ఆర్మేనియన్లను మీ దేవుడు మా దేవుడేనా అని అడగలేదు.

శరణార్థి అన్న మాట మనకు పరాయిది కూడా కాదు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి దూసుకొచ్చినప్పుడు రంగూన్‌లో కూలీనాలీ చేసుకుంటున్న తెలుగువాళ్ళు వేలాదిమంది అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడిచి ప్రాణాలు దక్కించుకున్నారు. ఎందరో దారిలోనే పోయారు. ఇవాళ హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి తరిమివేతకు గురైన రోహింగ్యా కుటుంబాలు రేకుల షెడ్లలో బతుకుతున్నాయి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేకించి చట్టం లేదు. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది అధికారుల దయాదాక్షిణ్యాల మీద నడుస్తోంది. దాని మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ కుటుంబాలను పేరు పెట్టి తిట్టే ముందు ఒక్కసారి 1942ని తలుచుకోవాలి.

సింజార్ ఇచ్చిన ఆశ్రయాన్ని ఆర్మేనియా మరిచిపోలేదు. ఆ దేశంలో యజీదీలే అతిపెద్ద అల్పసంఖ్యాక వర్గం. 2018లో ఆ దేశ పార్లమెంటు యజీదీల జాతిహననాన్ని అధికారికంగా గుర్తించింది. మరుసటి ఏడాది అక్నలిచ్ గ్రామంలో ప్రపంచంలోకెల్లా పెద్ద యజీదీ ఆలయం తలుపులు తెరిచింది. మరోవైపు సింజార్‌లో చాలా ఇళ్ళు ఇంకా లేవలేదు. వేలాది కుటుంబాలు ఇప్పటికీ గుడారాల్లోనే ఉన్నాయి. ఎత్తుకుపోయినవాళ్ళలో రెండున్నర వేల మందికి పైగా ఆచూకీ దొరకలేదు.

నా మనవి రెండు మాటల్లో ముగిస్తాను. ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. 1914 నాటి యుద్ధం పాఠం చెప్పేటప్పుడు సేనాపతుల పేర్ల పక్కన హమో షేరో పేరు కూడా పిల్లలకు ఒక్కసారి చెప్పండి. తన వాళ్ళ కోసం పోరాడినవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. తనవాళ్ళు కాని వాళ్ళ కోసం తన ఇల్లు తగలబడినా ఓర్చుకున్నవాళ్ళు తక్కువ, వాళ్ళ పేర్లు పిల్లలకు తెలియాలి. రెండోది మనందరికీ. బాలాపూర్ షెడ్లలోని పిల్లలకు మీ వీధి బడిలో సీటు అడిగితే, అడిగినవాళ్ళ పక్కన నిలబడండి.